పీఠం మీది పేర్లు: మాస్కో, పీటర్స్‌బర్గ్‌లలో ఆరు రోజులు

మొదటి రోజు: మాస్కో

ముప్పై ఏళ్ళకు పైగా ఒక బ్యాంకులో తాకట్టు నగలకు విలువ కట్టాను. గీటురాయి మీద గీసి వన్నె చూడటం, రాళ్ళూ లక్కా మినహాయించి నికర తూకం రాయడం నా పని. నగ మీద ఎంత పనితనమున్నా ఆ కాగితంలో దానికి గడి ఉండదు. మా తాత కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవాడు. వెంట్రుకంత తీగను చుట్టి నెమలి పింఛం అల్లేవాడు. అలాంటి పింఛాలు ఎన్నో నా బల్ల మీదికి వచ్చి "ఇన్ని గ్రాములు" అనిపించుకుని వెళ్ళాయి.

రిటైరయ్యాక ఒకరోజు పాత వెండి వస్తువుల ఫొటోలు చూస్తుంటే గుర్రం మీద కూర్చున్న ఒక సైనికుడి బొమ్మ కనిపించింది. రష్యా పని. మొత్తం వెండి. కింద రాతి పీఠం, దాని చుట్టూ వెండి పలక, పలక నిండా సంతకాలు. ముద్రించిన అక్షరాలు కావు, ఎవరి చేతిరాత వారిదే. రాసిన వంకరను రాసినట్టే ఉలితో చెక్కారు. జారు చక్రవర్తుల కాలంలో అక్కడి గార్డ్స్ రెజిమెంట్లలో, అంటే రాజును కాచే సేనల్లో, ఇది ఆనవాయితీ. కమాండర్ బదిలీ అయినా, రెజిమెంటు పుట్టి నూరేళ్ళో రెండొందల ఏళ్ళో నిండినా, అధికారులు చందాలు వేసుకుని పేరున్న వెండి అంగడిలో శిల్పం చేయించి ఇచ్చేవారు. అలాంటివాటిని కళ్ళారా చూడాలన్నదే ఈ ప్రయాణం.

ఈ-వీసా ఇంటినుంచే వచ్చింది. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు, డబ్బంతా నోట్లుగానే తీసుకెళ్ళాలి. పీటర్స్‌బర్గ్‌లో డాక్టరీ చదువుతున్న మా చెల్లెలి కొడుకు నాకోసం మాస్కో దాకా వచ్చాడు. ఎయిర్‌పోర్టులో కాళ్ళకు దండం పెట్టి, లేస్తూనే అడిగాడు: "మామా, డాలర్లు కొత్త నోట్లే తెచ్చినవా? మడత పడ్డ నోట్లను ఇక్కడ మార్చరు." తెచ్చాను. చలి సెప్టెంబరు చివరికే ఎముకలు పట్టేలా ఉంది. ఆ రోజు ఇంకేమీ చూడలేదు.

రెండో రోజు: క్రెమ్లిన్

ముందు ఉస్పెన్‌స్కీ కెథెడ్రల్. జారులకు పట్టాభిషేకాలు జరిగిన చోటు. అందరూ గోడల మీది బొమ్మలు చూస్తున్నారు, నేను మాత్రం తలెత్తి నడిమి దీపగుచ్ఛం కింద నిలబడ్డాను. 1812లో నెపోలియన్ సైనికులు మాస్కోలో ఉన్నప్పుడు ఈ గుడిలోనే కొలిమి పెట్టి, దేవుళ్ళ పటాల తొడుగులూ పాత్రలూ కరిగించి కడ్డీలు పోశారు. 325 పూడ్ల వెండి అని ఇక్కడ చెప్పే లెక్క. పూడ్ అంటే 16 కిలోల మీద కొంచెం. అంటే 5 టన్నులు దాటిన వెండి. వాళ్ళు మంచులో వెనక్కి మళ్ళినప్పుడు రష్యా గుర్రపు దళాలవాళ్ళు, కొసాక్కులు, వెంటపడి కొంత తిరిగి లాక్కున్నారు. ఆ వెండితో చేసిన దీపగుచ్ఛమే ఇది. దానికి పంట కోత అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. కరిగిపోయిన సొత్తుకు ఆ పేరు పెట్టిన మనుషుల గుండెను తలచుకుంటే నా గొంతు పట్టేసింది.

తర్వాత ఆర్మరీ చాంబర్. పేరుకు ఆయుధశాల గానీ, రాజుల ఖజానా అంతా ఇక్కడే ఉంది. వెండి గదుల్లో రెండు ఇంగ్లీషు చిరుతపులులు కూర్చుని ఉన్నాయి. 1600 ప్రాంతంలో లండన్‌లో చేసిన పెద్ద పానపాత్రలవి. ఇంగ్లండు రాజు ఒకటో చార్లెస్ డబ్బు అవసరమై అమ్ముకుంటే 1629లో రష్యా కొన్నది. ఆ తర్వాత ఇంగ్లండులో అంతర్యుద్ధం వచ్చి, అలాంటి వెండి చాలావరకు సైనికుల జీతాల కోసం నాణేలైపోయింది. ఊరు దాటినవి బతికాయి. ఈ మాట నాకు పీటర్స్‌బర్గ్‌లో మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది.

జారుల నగల వ్యాపారి ఫాబెర్జే పనులున్న అద్దాల పెట్టె ముందు జనం ఒత్తుకుంటున్నారు. రాజకుటుంబానికి ఈస్టర్ పండుగ కానుకలుగా చేసిన నగల గుడ్లలో పది ఇక్కడున్నాయి. వాళ్ళు బంగారు రైలు బొమ్మ ఉన్న గుడ్డుకోసం ఎగబడుతుంటే, నేను ఆ వరసలో అన్నిటికన్నా సాదాగా ఉన్నదాని దగ్గర ఆగాను. 1916 నాటి ఉక్కు గుడ్డు. నాలుగు చిన్న ఫిరంగి గుళ్ళ మీద నిలబెట్టారు. లోపల యుద్ధరంగంలో జార్ రెండో నికొలాయ్, ఆయన కొడుకు ఉన్న చిన్న చిత్రం. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం రెండేళ్ళుగా నడుస్తోంది. ఫాబెర్జే కర్మాగారంలో గ్రెనేడ్లు తయారవుతున్నాయి. "యుద్ధం 1914" అని అచ్చువేసిన రాగి గిన్నెలు అమ్ముతున్నారు. గుర్రాలకూ రౌతులకూ ప్రాణం పోసిన చేతులు ఫిరంగి గుండ్ల తొడుగులు తిప్పుతున్నాయి. నేను చూడబోయే కళ ఎక్కడ ఆగిపోయిందో నాకు ముందే తెలిసిపోయింది.

మూడో రోజు: రైలు, కజాన్ కెథెడ్రల్

పొద్దున సప్సాన్ రైలు. 650 కిలోమీటర్లు, నాలుగు గంటలు. కిటికీ పొడుగునా పసుపు పచ్చని బర్చ్ చెట్లు. సామాను గదిలో పడేసి నేరుగా నెవ్‌స్కీ వీధికి నడిచాం.

కజాన్ కెథెడ్రల్ రెండు చేతులూ చాచినట్టు స్తంభాల వరసలతో ఉంటుంది. కట్టడం 1811లో పూర్తయింది, మర్నాడే అన్నట్టు యుద్ధం వచ్చింది. నెపోలియన్‌ను ఎదిరించిన సేనాని కుతూజొవ్ సమాధి లోపలే ఉంది. పైన గోడకు, అప్పుడు స్వాధీనమైన కోటల తాళంచెవులు వేలాడుతున్నాయి.

నేను వచ్చింది ఇక్కడ లేని నాలుగు విగ్రహాల కోసం. మాస్కోలో చూసిన దీపగుచ్ఛం కథకు ఇది రెండో సగం. దాన్ నది కొసాక్కులు ఫ్రెంచివాళ్ళ దగ్గర నుంచి తిరిగి గెలుచుకున్న వెండిలో 40 పూడ్లు, అంటే 650 కిలోల పైమాట, ఈ గుడికి కానుకగా ఇచ్చారు. కుతూజొవ్ 1812 చివర్లో మతగురువుకు ఉత్తరం రాశాడు: ఈ వెండితో నలుగురు సువార్తికుల విగ్రహాలు పోయించి గుడిలో పెట్టించండి అని. సైనికులు గుడికిచ్చిన వెండితో అది పెద్ద శిల్పమయ్యేది. కాలేదు. నాలుగు నెలలకు కుతూజొవ్ కన్నుమూశాడు. విగ్రహాలు పోయలేదు. ఆ వెండి చాలా ఏళ్ళ తర్వాత, 1830లలో, వాస్తుశిల్పి కాన్‌స్తాంతిన్ తోన్ గీసిన ఐకనోస్తాసిస్‌లోకి వెళ్ళింది. గర్భగుడికి అడ్డంగా పటాలతో నిలిపే గోడ అది. "దాన్ సైన్యం భక్తితో ఇచ్చుకున్నది" అనే అర్థం వచ్చే మాటలు దాని మీద చెక్కించారు.

1922లో, విప్లవం తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం గుళ్ళ విలువైన సొత్తు జప్తు చేసినప్పుడు ఈ గుడి నుంచి సుమారు 2 టన్నుల వెండి ఊడదీసుకుపోయారు. ఇప్పుడు మన కళ్ళముందున్నది తర్వాత మళ్ళీ చేసింది. లెక్క చూస్తే ఆ వెండి ఎన్నిసార్లు కరిగిందో! మాస్కో గుళ్ళలో పటాల తొడుగు, ఫ్రెంచి సైనికుడి సంచిలో కడ్డీ, కజాన్‌లో గోడ, మళ్ళీ కడ్డీ.

"గ్రాము కూడా తరుగు పోకుంట తూకం రాసుకుని ఉంటరు మామా," అన్నాడు అల్లుడు. రాసే ఉంటారు. అలాంటి కాగితాలు నేను వేలల్లో రాశాను. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

నాలుగో రోజు: ఫోంతాంకా నది, షువాలొవ్ భవనం

ఈ రోజుకోసమే వచ్చాను.

ఫోంతాంకా నది ఒడ్డున 21వ నంబరు, పాత షువాలొవ్ రాజభవనం. ఇందులో 2013 నుంచి ఫాబెర్జే మ్యూజియం ఉంది. అమెరికాలో ఫోర్బ్స్ కుటుంబం దగ్గరున్న తొమ్మిది రాజకుటుంబపు గుడ్లను 2004లో ఒక రష్యన్ వ్యాపారి కొనడంతో ఈ సేకరణ మొదలైంది. గుడ్లు నీలి గదిలో ఉంటాయి, జనమంతా అటే పోతారు. దానికి ముందు నైట్స్ హాల్ అనే గది ఉంది. సైనిక విషయాల మీది వెండి అంతా అక్కడ. అక్కడే మూడు గంటలున్నాను. గదికి కాపలా ఉన్న పెద్దావిడ మొదట అనుమానంగా చూసింది. తర్వాత తానే అల్లుడిని పిలిచి ఏదో చెప్పింది. "మీ మామయ్య వెనక వైపు కూడా చూడాలంట, అద్దం ఆ పక్కనుంచి బాగా కనపడుతదంట," అని వాడు తెలుగు చేశాడు. వెండి తెలిసినవాళ్ళే చెప్పగలిగే మాట అది.

ఇలాంటి బొమ్మ ఎలా తయారవుతుందో నాకు చేతనైనంత చెప్తాను, ఎందుకంటే దాన్ని తెలుసుకుంటే గానీ తూకం మీద నాకున్న పగ మీకు అర్థం కాదు. శిల్పి ముందు మైనంతో గానీ మట్టితో గానీ నమూనా చేస్తాడు. దాన్ని ముక్కలుగా విడదీసి అచ్చులు తీస్తారు. గుర్రం ఒళ్ళు వేరు, కాళ్ళు వేరు, రౌతు వేరు, కత్తి, కళ్ళెం, జీను అన్నీ వేర్వేరు. ఒక్కోదాన్ని వెండితో డొల్లగా పోత పోస్తారు, గట్టిగా పోస్తే బరువు మోయలేరు, పోత కూడా పగులుతుంది. టంకం పెట్టి అతుకుతారు. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. అతుకు కనిపించకుండా అరగదీశాక, నగిషీ పనివాడు చిన్న చిన్న ఉలులతో కొట్టుకుంటూ వస్తాడు. గుర్రం చర్మం నునుపు ఒక ఉలి, కొసాక్కు బొచ్చు టోపీ ఒక ఉలి, కోటు నేత ఇంకొకటి, గుండీలు ఇంకొకటి. ఆ తర్వాత మందు పూసి నల్లబరిచి, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం మెరుగు పెడతారు. పల్లంలో నలుపు నిలిచి, మీద వెలుగు పడి, బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. మన ఆదిలాబాద్ ఓజావాళ్ళ డోక్రా పోత కూడా మైనంతోనే మొదలవుతుంది, కానీ అది మైనం తీగల గీతలను అలాగే ఉంచేసుకునే అందం. ఇది గీత కనిపించనివ్వని అందం.

ఈ కళకు ఊపు ఇచ్చినది మాస్కోలోని సజికోవ్ అంగడి. 1851లో లండన్ మహాప్రదర్శనకు వాళ్ళు ఒక పెద్ద వెండి దీపస్తంభం పంపారు. దాని కింద, 1380 నాటి కులికోవా యుద్ధంలో గాయపడ్డ మాస్కో రాజు ద్మీత్రి దన్‌స్కోయ్ చెట్టు నీడన వాలి ఉంటాడు, గెలిచామన్న వార్త అప్పుడే అందుతుంటుంది. అది అక్కడ బహుమతి గెలిచింది. అంతవరకూ వెండి బొమ్మలంటే ఫ్రెంచి దేవతలే. దాంతో రష్యన్ చరిత్రా, రష్యన్ సైనికుడూ వెండికి తగిన విషయాలని నమ్మకం కుదిరింది. తర్వాత ఒవ్‌చిన్నికొవ్, ఖ్లెబ్నికొవ్, గ్రాచెవ్ సోదరులు, ఫాబెర్జే అందరూ ఆ దారి పట్టారు. వీళ్ళలో పావెల్ ఒవ్‌చిన్నికొవ్ భూస్వామి కింద బానిసరైతుగా పుట్టినవాడు. పని నేర్చుకుని, 1853లో సొంత అంగడి పెట్టి, రాజుకు వెండి అందించేవాడయ్యాడు.

గుర్రాల విషయంలో మాత్రం ఒక్కరి పేరు వేరుగా చెప్పాలి. యెవ్‌గేని లాన్సెరే. ఆయన తాత నెపోలియన్ సైన్యంలో అధికారి, 1812లో గాయపడి రష్యన్లకు చిక్కి ఇక్కడే ఉండిపోయాడు. మనవడు అదే రష్యా కొసాక్కులనూ వాళ్ళ గుర్రాలనూ బొమ్మల్లో నిలిపాడు. 1886లో క్షయతో పోయినప్పుడు ఆయనకు నలభై కూడా లేవు. చేసినవి ఎక్కువగా కంచువే గానీ, ఆయన నమూనాలతో గ్రాచెవ్‌వాళ్ళు వెండిలో కూడా పోశారు. ఆ గుర్రాల మెడ నరాలు చూస్తే ఈ మనిషి గుర్రపుశాలలో ఎన్ని రాత్రులు గడిపాడో అనిపిస్తుంది.

గదిలో నాకు బాగా పట్టింది పీఠాలే. శిల్పం అంతా చూసి జనం ముందుకు పోతారు. వంగితే తెలుస్తుంది ఇది ఎవరికి, ఎవరు, ఎందుకు ఇచ్చారో. సంతకాల్లో కొన్ని పొడుగ్గా సాగి పక్కవాడి పేరును తాకుతుంటాయి. కొన్ని బడిపిల్లవాడి రాతలా నిటారుగా ఉంటాయి. చెక్కినవాడు వాటిని సరిచేయలేదు. ఒక చిన్న లెఫ్టినెంటు వంకర అక్షరానికీ ప్రిన్సు పేరుకూ ఒకే లోతు. ఆ పనివాడికి నేను మనసులో దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం గుడ్లు కూడా చూశాం. బాగున్నాయి.

ఐదో రోజు: బల్షాయా మర్‌స్కాయా, జనరల్ స్టాఫ్ భవనం

బల్షాయా మర్‌స్కాయా వీధి 24. 1900 నుంచి ఫాబెర్జే అంగడీ, కార్ఖానాలూ, ఇల్లూ అన్నీ ఈ గ్రానైటు భవనంలోనే. ఎదురుగా ఉన్న టీ అంగడిలో కూర్చుని అల్లుడికి ముద్రలు చదవడం నేర్పాను.

"ఇదేంది మామా, 84? మన దగ్గర 92.5 కద."

రష్యాలో పాత లెక్క జొలొత్నిక్‌లలో ఉండేది. 96 ఉంటే శుద్ధ వెండి. 84 అంటే వెయ్యికి 875 పాళ్ళు వెండి, మిగతా రాగి. మెత్తటి వెండికి కొంత రాగి పడితేనే కత్తి మొన నిలుస్తుంది. పక్కన అడ్డంగా వేసిన లంగర్లు ఉంటే పీటర్స్‌బర్గ్ పని, గుర్రం మీద సెయింట్ జార్జి ఉంటే మాస్కో పని. 1899 నుంచి తలకు కిరీటంలాంటి కొకోష్నిక్ పెట్టుకున్న ఆడమనిషి ముఖం వచ్చింది. ఎడమకు చూస్తుంటే 1908కి ముందుది, కుడికి చూస్తుంటే తర్వాతది. వాడు రాసుకున్నాడు. డాక్టరీ పుస్తకంలో ఎక్స్‌రే గుర్తుల పక్కనే రాసుకున్నాడు.

ఫాబెర్జే పేరు కింద అసలు చేసిన చేయి వేరే. పీటర్స్‌బర్గ్‌లో వాళ్ళ పెద్ద వెండి పనులు చాలాకాలం యూలియస్ రాప్పపోర్ట్ చేయించాడు. ఆయన కార్ఖానా ఇప్పుడు గ్రిబాయెదొవ్ అంటున్న కాలవ పక్కన ఉండేది. జంతువుల బొమ్మలకు పేరు. పని మానేసేటప్పుడు కార్ఖానాను తన కూలీలకే వదిలేశాడు. వాళ్ళు "మొదటి వెండి ఆర్తెల్" (పనివాళ్ళే కలిసి నడిపే సంఘం) అని సొంత ముద్ర కొట్టుకుని కొన్నేళ్ళు నడిపారు. ఆ సంగతి నాకు ఏ గుడ్డుకన్నా విలువైనదిగా తోచింది. మా తాత మజూరీకోసం సేటు గుమ్మంలో నిలబడటం నేను చూశాను.

జనరల్ స్టాఫ్ భవనంలో ఫాబెర్జే గదుల దగ్గర 1891 నాటి వెండి గడియారం ఉంది. జార్ మూడో అలెగ్జాండర్ పెళ్ళి వెండి పండుగకు బంధువులు ఇచ్చింది, చుట్టూ 25 మంది చిన్నారి దేవతలు. అదే భవనంలో గార్డ్స్ మ్యూజియం. జెండాలు, టోపీలు, బ్యాడ్జీలు. ఈ రెజిమెంట్ల భోజనశాలల్లోనే ఆ వెండి శిల్పాలు బల్ల నడుమ నిలిచేవి. 1914లో ఇవే రెజిమెంట్లు మొదటి నెలల్లోనే ఘోరంగా దెబ్బతిన్నాయి. విప్లవం తర్వాత రెజిమెంట్లే లేవు, వాటి వెండి చెల్లాచెదురైంది. ఒక్క లైఫ్‌గార్డ్స్ కొసాక్ రెజిమెంటు మాత్రం తన సొత్తును మూటలు కట్టుకుని దక్షిణానికి, అక్కడినుంచి సముద్రం దాటి తీసుకెళ్ళింది. పారిస్ పక్కన కుర్‌బెవ్వా అనే ఊళ్ళో ఒక ఇంట్లో ఆ మ్యూజియం ఇప్పటికీ ఉంది, బల్ల మీది వెండితో సహా. అక్కడికి చేరిన అధికారుల్లో కొందరు పారిస్‌లో టాక్సీలు నడిపి బతికారు, వెండి మాత్రం అమ్ముకోలేదు. మాస్కోలోని ఆ ఇంగ్లీషు చిరుతలు మళ్ళీ కళ్ళముందు మెదిలాయి.

ఆరో రోజు: లావ్రా, ఒక అంగడి

అలెగ్జాండర్ నెవ్‌స్కీ లావ్రా అనే పెద్ద మఠానికి మెట్రోలో వెళ్ళాం. 1240లో నెవా నది దగ్గర, 1242లో గడ్డకట్టిన సరస్సు మీద గెలిచిన రాజు అలెగ్జాండర్ నెవ్‌స్కీ అస్థికలకు పీటర్ చక్రవర్తి కూతురు ఎలిజవేతా చేయించిన వెండి పెట్టె ఇక్కడుంది. అల్తాయ్ ప్రాంతపు కొలివాన్ గనుల వెండితో నాణేల టంకశాలలో చేశారు. వెనక పిరమిడ్‌లాంటి కట్టడం, ఇరుపక్కలా ఆయుధాల గుట్టలతో సహా మొత్తం టన్నున్నర. డప్పులు, జెండాలు, డాళ్ళు అన్నీ వెండే. 1922లో ఇదీ కరగాల్సిందే. మ్యూజియంవాళ్ళు అడ్డుపడి హెర్మిటేజ్‌కు చేర్చుకున్నారు. వందేళ్ళ తర్వాత 2023లో పెట్టె మళ్ళీ ఇక్కడికి వచ్చింది. ఇలాంటి పెట్టెను రష్యన్‌లో "రాక" అంటారు. మన మాటలో దాని అర్థం చెప్తే అల్లుడు అక్కడున్న ఒక ముసలాయనకు అనువదించాడు. ఆయన టోపీ తీసి నా చేయి పట్టుకున్నాడు.

సాయంత్రం పాత వస్తువుల అంగడి ఒకటి కనిపిస్తే లోపలికి వెళ్ళాం. గుర్రాలూ రౌతులూ అక్కడెక్కడుంటాయి! కానీ అద్దాల బీరువాలో మూలన ఒక టీ గ్లాసు వెండి తొడుగు ఉంది. రష్యన్లు వేడి టీ గ్లాసును అందులో పెట్టి పట్టుకుంటారు. అడిగితే చేతికిచ్చారు. 84, కుడికి చూస్తున్న ముఖం. పిడి కింద 1912 అనే అంకె, చుట్టూ సంతకాలు. చందా ఎక్కువ పోగుకాని చిన్నవాళ్ళెవరో, వెళ్ళిపోతున్న స్నేహితుడికి ఇచ్చింది అయ్యుంటుంది. అలవాటుగా అరచేతిలో ఎత్తి చూశాను. 150 గ్రాములకు అటూ ఇటూ. అంగడాయన త్రాసు మీద పెట్టబోతే వద్దన్నాను.

వందేళ్ళు దాటిన వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఆ సంగతి తెలిసే పట్టుకున్నాను. అల్లుడు ఫోను లైటు వేశాడు. సంతకాలు పదకొండు. ఎనిమిది చదవగలిగాడు, ఒక్కొక్కటీ పైకి చదివి నాకు తెలుగులో చెప్పాడు. మిగతా మూడు వాడికీ అందలేదు, అంగడాయనకూ అందలేదు. నోటుపుస్తకం తీసి ఆ మూడింటినీ గీతకు గీత దించుకున్నాను. ఆయన బయటి దీపం ఆర్పేసి, మేం ముగించేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు.